కాపరి బట్టలు ఎప్పుడు మారాయి?

(తొలి క్రైస్తవ కళ, కట్టడాల మీద చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ చాప మీద చోటుంది. ఈ రోజు బొమ్మలు చూడాలి, అంత దూరం నుంచి కనబడవు.

ముందు ఒక మాట అడుగుతాను. చర్చి అనగానే మీ కళ్ల ముందు ఏం కదులుతుంది? మెదక్ కదూ? నాకూ అంతే. ఆకాశంలోకి లేచిన గోపురం, రంగుటద్దాల కిటికీలు, లోపల రెండు వైపులా వరసగా స్తంభాలు. 1924లో క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు దాన్ని. ఇంకాస్త ఆలోచిస్తే సిలువ గుర్తొస్తుంది. గోపురం మీద సిలువ, బల్ల మీద సిలువ, మెడలో సిలువ. ఇక యేసు అంటే పొడవాటి జుట్టు, గడ్డం, కాళ్ల దాకా తెల్లని అంగీ. అవునా? ఇప్పుడు ఒక గంట సేపు వీటన్నిటినీ పక్కన పెట్టండి. గోపురాన్ని తీసేయండి, సిలువను తీసేయండి, గడ్డం కూడా తీసేయండి. మొదట్లో ఇవేవీ లేవు కాబట్టి తీసేయమంటున్నాను.

మరి ఏముంది? ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటి గోడ మీద ఒక గొర్రెల కాపరి ఉన్నాడు. మోకాళ్ల దాకా పొట్టి చొక్కా, భుజాల మీద గొర్రె. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కాపరి గురించే. 200 ఏళ్లు తిరిగేసరికి ఆయన ఒంటి మీదికి బంగారు అంగీ వచ్చింది. అది ఎలా వచ్చింది, మధ్యలో ఏం జరిగింది, అదీ ఈ పూట మన కథ.

యేసు తర్వాత దాదాపు 200 ఏళ్ల పాటు, ఇది క్రైస్తవుల బొమ్మ అని గట్టిగా చెప్పగలిగినది ఒక్కటీ మనకు దొరకలేదు. కారణాలు మీకు తెలిసినవే. చెక్కిన విగ్రహాన్ని చేసుకోకూడదన్న ఆజ్ఞ ఉంది. వాళ్లు కొద్దిమంది, ఆస్తులు లేనివాళ్లు, ఎవరో ఒకరి ఇంట్లో చేరి రొట్టె విరిచేవాళ్లు. అయినా మనిషి అన్నాక బొమ్మ లేకుండా ఎంతకాలం ఉంటాడు చెప్పండి? రోమన్ ఊళ్లో బతుకుతున్నాడు. దీపం మీద బొమ్మ, గిన్నె మీద బొమ్మ, గడప దగ్గర బొమ్మ. ఉంగరం మీద కూడా బొమ్మే. ఆ రోజుల్లో ఉంగరం అంటే సంతకం. మైనం మీద నొక్కితే మనిషి ముద్ర పడ్డట్టు. మరి క్రైస్తవుడు ఏ బొమ్మ ఉన్న ఉంగరం పెట్టుకోవాలి?

ఈ ప్రశ్నకు అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే గురువు జవాబు రాసి పెట్టాడు, సుమారు 200వ సంవత్సరం నాటికి. పావురం పెట్టుకోండి, చేప పెట్టుకోండి, గాలికి సాగిపోయే ఓడ, లైర్ అనే తంత్రీ వాద్యం, లంగరు, ఇవి పెట్టుకోండి అన్నాడు. దేవతల ముఖాలు వద్దు, కత్తీ విల్లూ వద్దు, మద్యం గిన్నెలు వద్దు అన్నాడు. గమనించారా? కొత్త బొమ్మ గీయించుకోమని ఆయన అనలేదు. ఉంగరాల అంగట్లో అప్పటికే ఉన్నవాటిలోంచి ఏరుకోమన్నాడు. అదే లంగరు ఓడ వ్యాపారి కొంటే ఓడ గుర్తు, క్రైస్తవుడు కొంటే ఆశకు గుర్తు. ఈ ఏరుకోవడం అన్నది మనసులో పెట్టుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కాపరి కూడా అలా ఏరుకున్నవాడే. భుజాల మీద పొట్టేలును మోసే మనిషి బొమ్మ గ్రీకుల దగ్గర యేసుకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఉంది. హెర్మెస్ దేవుణ్ణి అలా చెక్కేవాళ్లు. రోమన్ల కాలానికి వచ్చేసరికి అది పల్లె ప్రశాంతతకూ దయకూ గుర్తు అయింది. రాతి శవపేటికలు చెక్కే పనివాళ్లు కాపరి బొమ్మతో పేటికలు ముందే చేసి ఉంచేవాళ్లు. ఎవరొచ్చి కొన్నా సరే. ‘యెహోవా నా కాపరి’ అని చదువుకున్న మనిషి ఆ అంగడి ముందు నిలబడితే ఏమనుకుని ఉంటాడు? ‘ఇదిగో, మనవాడు ఇక్కడే ఉన్నాడు’ అనుకుని ఉండడూ?

దూరా యూరోపోస్‌లో ఒక ఇల్లు

ఇప్పుడు ఆ ఇంటికి వెళదాం. ఈ పటం చూడండి. ఇది యూఫ్రటీస్ నది, ఇది ఈనాటి సిరియా. నది ఒడ్డున దూరా యూరోపోస్ అనే కోట ఊరు. రోమన్ సామ్రాజ్యానికి తూర్పు అంచు, అవతల పర్షియన్లు. సుమారు 256లో పర్షియా రాజు మొదటి షాపూర్ సైన్యం వచ్చి పడింది. గోడ కూలకుండా ఉండాలని రోమన్ సైనికులు ఏం చేశారంటే, లోపలి వైపు గోడ పొడవునా మట్టి పోసి గట్టు కట్టారు. గోడ పక్కన ఉన్న వీధి, ఆ వీధిలో ఇళ్లు, అన్నీ ఆ మట్టి కింద పూడిపోయాయి. అయినా ఊరు నిలబడలేదు. పడిపోయింది, జనం పోయారు, మళ్లీ ఎవరూ వచ్చి కాపురం ఉండలేదు. 1928 నుంచి దాదాపు పదేళ్లు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్సు శాసనాల అకాడమీ కలిసి అక్కడ తవ్వాయి. ఆ మట్టి గట్టు కింద గోడలు బొమ్మలతో సహా బయటపడ్డాయి. యూదుల సమాజ మందిరం, మిత్ర దేవుడి గుడి, క్రైస్తవుల ఇల్లు, మూడూ ఆ గోడ వెంట ఉన్న వీధిలోనే. ఊరిని కాపాడటానికి పోసిన మట్టి ఊరిని కాపాడలేదు గానీ, మన కోసం ఈ గోడల్ని కాపాడింది.

క్రైస్తవుల ఇల్లు అన్నాను కదా, నిజంగా అది ఇల్లే. బయట నుంచి చూస్తే పక్కింటికీ దీనికీ తేడా తెలియదు. మండువా లోగిలి చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. అలాగే, మధ్యలో ఆకాశం కనబడే ముంగిలి, చుట్టూ గదులు. 230, 240ల మధ్య ఎప్పుడో దాన్ని ప్రార్థనకు వీలుగా మార్చారు. ఏం మార్చారు? రెండు గదుల మధ్య గోడ పడగొట్టారు. సుమారు 13 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న ఒక హాలు వచ్చింది. ఒక కొసన చిన్న అరుగు వేశారు, పెద్దాయన కూర్చుని మాట్లాడటానికి. అంతే. అరవై డెబ్బై మంది పడతారు. మన హాల్లో ఇప్పుడు దాదాపు అంతమందే ఉన్నారు, ఒకసారి చుట్టూ చూసుకోండి. ఇంతమంది కూర్చునే చోటు, అదీ మనకు తెలిసిన మొట్టమొదటి చర్చి.

అందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆ హాలు గోడకి పైన సున్నంతో పోసిన ఒక అంచు ఉంది. ఇల్లుగా ఉన్నప్పటి అలంకారం అది. దాని మీద ద్రాక్షారసపు దేవుడు బాకస్ గుర్తులున్నాయి. వాళ్లు దాన్ని కొట్టేయలేదు, అలాగే ఉంచేశారు. ఆ అంచు కిందే కూర్చుని ప్రార్థించుకున్నారు.

ఆ హాల్లో బొమ్మల్లేవు. బొమ్మలన్నీ ఇంకో చిన్న గదిలో ఉన్నాయి, కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్లకు నీళ్లలో బాప్తిస్మం ఇచ్చే గదిలో. ఒక చివర నీళ్ల తొట్టి, దాని మీద స్తంభాలతో చిన్న పందిరి లాంటి కట్టడం. ఆ పందిరి లోపలి కప్పుకి ముదురు నీలం వేసి చుక్కలు పెట్టారు. నీళ్లలో నిలబడి తల ఎత్తితే ఆకాశం. ఈ నీలం కప్పును, ఈ చుక్కలను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

తొట్టి వెనక గోడ మీద కాపరి ఉన్నాడు. ముందు గొర్రెల మంద, ఆయన భుజాల మీద ఇంత పెద్ద గొర్రె. మనిషి మోయలేనంత పెద్దది. చిత్రకారుడికి కొలతలు రాక అలా వేశాడని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బాప్తిస్మం కోసం ఆ నీళ్లలో దిగే మనిషికి ఆ గొర్రె తనే. తన బరువు తనకు తెలుసు కదా! కింద మూలన ఆదాము, అవ్వ, చెట్టు, పాము, చాలా చిన్నగా. పోగొట్టుకున్నది కింద, మోసుకొచ్చినవాడు పైన.

పక్క గోడ మీద ఒక మంచం. మంచం మీద పక్షవాతం వచ్చిన మనిషి. ఆయన పైన యేసు చేయి చాచి నిలబడ్డాడు. పక్కనే అదే మనిషి లేచి, మంచాన్ని తిరగేసి వీపు మీద వేసుకుని నడిచిపోతున్నాడు. మంచం అల్లిక గళ్లు గళ్లుగా కనబడుతుంది. ‘నీ పరుపెత్తుకొని నడువుము’ అని మనం చదువుకున్నాం, చిత్రకారుడు మంచాన్నే ఎత్తించాడు. కాలం ఇంత కచ్చితంగా తెలిసిన యేసు బొమ్మల్లో ఇంతకంటే పాతది లేదు. ఎలా ఉన్నాడు? కురచ జుట్టు, గడ్డం లేదు, అందరూ తొడుక్కునే చొక్కా, పైన ఉత్తరీయం. గుంపులో కలిపేస్తే పోల్చుకోలేం. తల వెనక కాంతి వలయం కూడా లేదు. దాని పక్కన నీళ్ల మీద నడిచే శిష్యుడు పేతురు, ఓడలో మిగతా శిష్యులు. ఇటు వైపు బావిలోకి వంగి తాడు లాగుతున్న స్త్రీ, సమరయ స్త్రీ అని చాలామంది అంటారు. ఇంకో గోడ నిండా చేతుల్లో దివిటీలతో నడిచే స్త్రీలు, వాళ్ల ముందు తెల్లని పెద్ద రాతి పేటిక. యేసు సమాధి దగ్గరికి వెళ్లే స్త్రీలని కొందరు అంటారు, పెళ్లికుమారుడి కోసం దీపాలతో వెళ్లే కన్యకలని కొందరు. మీకేమనిపిస్తోంది? నాకు సమాధే అనిపిస్తుంది. అంత పెద్ద పేటిక ముందు పెళ్లి ఏమిటి?

ఇంకొకటి. దావీదు గొల్యాతుల బొమ్మ దగ్గర ఎవరో గీకి రాశారు, ‘ప్రోక్లస్‌ను తలుచుకోండి’ అని. ఆయన బొమ్మ గీసినవాడో, డబ్బులిచ్చినవాడో తెలియదు. ఈ రోజు మనం తలుచుకున్నాం.

ఈ బొమ్మల్ని గోడల నుంచి విడదీసి అమెరికా తీసుకెళ్లారు. యేల్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్నాయి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు బస్సెక్కి పోయి చూసొచ్చాను. లోపలికి టిక్కెట్టు కూడా లేదు. రంగులు బాగా వెలిసిపోయాయి. కాపరిని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ముందు మబ్బు పట్టినట్టుంది, తర్వాత మెల్లగా గొర్రె వీపు కనబడింది, తర్వాత ఆయన కాళ్లు. ఇలా ఎత్తుకుపోవడం తప్పు కాదా అని మీలో ఎవరైనా అడగొచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ 2011 తర్వాత సిరియా యుద్ధంలో దొంగలు దూరా అంతా గోతులు గోతులుగా తవ్వేశారు. ఉపగ్రహ చిత్రాల్లో ఆ ఊరు చూస్తే మశూచి వచ్చిన ఒళ్లులా ఉంటుంది. అది చూశాక నోరు రాలేదు నాకు.

నేల కింద

రోముకు వెళదాం. ఊరి లోపల శవాన్ని పూడ్చకూడదన్నది రోమన్ చట్టం. అందుకని ఊరి బయటి రోడ్ల పక్కన సమాధులు. రోము చుట్టూ నేల కింద టూఫా అనే మెత్తటి అగ్నిపర్వతపు రాయి ఉంటుంది. తవ్వుతుంటే సులువుగా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందులో సొరంగాలు తవ్వి, గోడల్లో అరలు అరలుగా సమాధులు చేశారు. ఇవే కాటకూంబ్స్. రోము చుట్టూ నలభైకి పైగా ఉన్నాయి. వీటిని తవ్వడమే వృత్తిగా ఉన్నవాళ్లను ఫోసోర్లు అనేవారు. పార చేతపట్టుకుని నిలబడ్డ వాళ్ల బొమ్మలు కూడా ఆ గోడల మీదే ఉన్నాయి.

ఒక అపోహ తీర్చుకుందాం. క్రైస్తవులు హింసకు భయపడి ఇక్కడ దాక్కున్నారని, ఇక్కడే కాపురం ఉన్నారని మనం వింటూ వచ్చాం. అలా కాదు. ఇవి శ్మశానాలు. అధికారులకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. గాలి ఆడని ఆ చీకట్లో ఎవరు బతుకుతారు? పైన ఊళ్లో ఉండేవాళ్లు తమ వాళ్లను తలుచుకోవడానికి వచ్చేవాళ్లు, దీపం పెట్టేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. శవాన్ని అరలో ఉంచి పెంకుతోనో పాలరాతి పలకతోనో మూసి సున్నం మెత్తేవాళ్లు. ఆ సున్నం ఆరకముందే అందులో ఏదో ఒకటి గుచ్చేవాళ్లు. ఒక నాణెం, ఒక గవ్వ, బంగారు రేకు పొదిగిన గాజు గిన్నె అడుగు. పేరు చెక్కించే స్తోమత లేని ఇంటివాళ్లు వచ్చే ఏడు మళ్లీ వచ్చినప్పుడు మా అమ్మ అర ఇదే అని పోల్చుకోవడానికి. అవి ఇంకా కొన్ని చోట్ల సున్నంలోనే ఉన్నాయి. నాకు పెద్ద పెద్ద బొమ్మల కంటే ఆ గుచ్చిన గాజు ముక్క దగ్గరే గుండె బరువెక్కుతుంది.

బొమ్మలు తెల్లటి గిలాబా మీద ఎర్రని, పచ్చని సన్న గీతలతో, గబగబా వేసినవి. నూనె దీపం వెలుగులో పని చేయాలి, పొగ, ఊపిరాడదు. కప్పు నడి మధ్యన కాపరి. చుట్టూ సింహాల గుహలో దానియేలు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, రాతిని కొట్టి నీళ్లు తెప్పించే మోషే, యోనా. అందరూ చావు నోట్లోంచి బయటపడ్డవాళ్లే, గమనించారా? సమాధి మీద వేరే ఏం వేస్తారు? యోనాను మింగేది మన ఆదివారపు బడి పటాల్లో తిమింగలం. ఇక్కడ చూడండి, మెలికలు తిరిగిన తోక, పొడవాటి మెడ. రోమన్ చిత్రకారుడికి సముద్రపు రాక్షసి అంటే ఇదే, కథల బొమ్మల్లో ఎప్పుడూ వేసేదే. బయటపడ్డ యోనా సొర పాదు కింద పడుకున్న తీరు కూడా అరువే. గ్రీకు కథలో నిత్యం నిద్రపోయే అందగాడు ఎండిమియోన్ సరిగ్గా అలాగే పడుకుంటాడు, ఒక చేయి తల మీదికి మడిచి. మేస్త్రి చేతికి అలవాటైన గీత అది. గిరాకీ మారింది, కథ మారింది, గీత అదే.

మరి సిలువ ఏది? ఎందుకు లేదు? పాస్టర్ గారు కూడా ఇక్కడ ఉన్నారు, ఆయన నాకంటే బాగా చెప్పగలరు. సిలువ అప్పుడు బొమ్మ కాదు, శిక్ష. బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష, నలుగురూ చూసేలా రోడ్డు పక్కన వేసే శిక్ష. దాన్ని గోడకు ఎవరు వేసుకుంటారు? మనకు దొరికిన అతి పాత సిలువ బొమ్మల్లో ఒకటి వెక్కిరింపు కోసం గీసింది. రోములో పాలటైన్ కొండ మీద ఒక గోడకి ఎవరో గీకారు, సుమారు 200 ప్రాంతంలో. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, పక్కన చేయెత్తి దణ్ణం పెడుతున్న కుర్రాడు. కింద గ్రీకులో రాత: ‘అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు.’ ఆ కుర్రాడు ఎవరో, తోటివాళ్లు ఎంత ఏడిపించారో. పేరు మాత్రం మిగిలింది. యేసును సిలువ మీద నలుగురిలో బాహాటంగా చూపించడానికి ఆ తర్వాత ఇంకో 200 ఏళ్లకు పైగా పట్టింది. రోములో శాంతా సబీనా చర్చి తలుపు మీద చెక్కారు, 430ల ప్రాంతంలో. అప్పటికి ఆ శిక్షే ఆగిపోయింది, కళ్లారా చూసినవాళ్లు పోయారు. అందులోనూ చేతులు చాచి నిలబడ్డట్టే ఉంటాడు గానీ వెనక సిలువ కర్ర సరిగ్గా కనబడదు.

చక్రవర్తి వచ్చాక

312లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోమును గెలిచాడు. 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ వచ్చింది. తీసుకున్న ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. ఇక పెద్ద పెద్ద చర్చిలు కట్టాలి. ఏ నమూనాలో కట్టాలి? గుడి నమూనాలో కట్టొచ్చు కదా? కట్టలేదు. ఎందుకు? ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఇదే అసలు కీలకం.

రోమన్ గుడి దేవుడికి ఇల్లు. లోపల విగ్రహం, చీకటి గది. జనం లోపలికి రారు. బలిపీఠం బయట మెట్ల ముందు ఉంటుంది, పూజంతా ఆరుబయటే. అందుకే గుడి అందమంతా బయటే. క్రైస్తవులకు కావలసింది వేరు. రొట్టె విరిచే బల్ల చుట్టూ అందరూ చేరాలి, చదివింది అందరికీ వినబడాలి. దూరాలో గోడ పడగొట్టింది దీనికే కదా! వాళ్లకు కావలసింది జనం పట్టే గది. రోమన్ ఊళ్లో జనం పట్టే గది ఏది? బసిలికా. కోర్టు నడిచేది అందులోనే, బేరసారాలు అందులోనే, అధికారి దర్బారూ అందులోనే. పొడవాటి హాలు, రెండు పక్కలా స్తంభాలు, స్తంభాల అవతల నడవలు, మధ్య కప్పు ఎత్తుగా లేచి దాని కింద కిటికీల వరస. ఒక కొసన సగం గుండ్రంగా ఆప్స్ అనే గూడు, అందులో న్యాయాధికారి ఆసనం. జర్మనీలో ట్రియర్ అనే ఊళ్లో కాన్‌స్టంటైన్ దర్బారు హాలు ఇప్పటికీ నిలబడి ఉంది, 67 మీటర్ల పొడవు. ఆ గూట్లో కూర్చున్న మనిషి వైపే కళ్లు పోతాయి, అలా కట్టారు. ఇక క్రైస్తవులు చేసిందల్లా న్యాయాధికారి ఆసనం ఉన్నచోట బిషప్ ఆసనం వేసి, దాని ముందు బల్ల పెట్టడం. తలుపును ఎదురు కొసకి మార్చారు. లోపల అడుగు పెడితే స్తంభాలే నిన్ను చేయి పట్టుకుని బల్ల దగ్గరికి నడిపిస్తాయి. మెదక్ చర్చిలో మధ్య నడవలో నిలబడి చూడండి ఈసారి. గోపురం, అద్దాలు తర్వాతి కాలపు గోథిక్ తీరు, కానీ నువ్వు నడిచే ఆ దారి, పక్కన ఆ స్తంభాలు, ఇవి రోమన్ కోర్టు హాలువి.

వాటికన్ కొండ మీద పేతురు చర్చి సంగతి చెబుతాను. ఇప్పుడున్నది కాదు, దానికి ముందుది. కాన్‌స్టంటైన్ కట్టించింది, 1506లో కూల్చడం మొదలుపెట్టేదాకా నిలబడి ఉంది. కొండ వాలు మీద పేతురు సమాధి అని జనం నమ్మిన చోటు. దాని చుట్టూ వీధి నిండా ఇటుక సమాధి గదులు, వాటి కుటుంబాలు అప్పటికి ఇంకా బతికే ఉన్నాయి. సమాధిని ముట్టుకోవడం రోమన్ చట్టంలో ఘోరమైన నేరం. అయినా చక్రవర్తి ఆ గదుల పైకప్పులు తీయించి, లోపల మట్టి నింపించి, కొండను ఒక వైపు తెగ్గొట్టి, ఆ చదును మీద చర్చి కట్టించాడు. పక్కకు జరిగితే చదునైన నేల ఎంతైనా ఉంది. జరగలేదు. సరిగ్గా ఆ చోటే కావాలి. 1940లలో తవ్వినప్పుడు ఆ సమాధి వీధి రంగులతో సహా బయటపడింది. మళ్లీ మట్టే దాచింది, దూరాలో లాగే.

ఆ చర్చి పొడవు 110 మీటర్లకు పైనే. అయిదు నడవలు. నడవల మధ్య నాలుగు వరసల స్తంభాలు, వరసకు 22. పాత కట్టడాల నుంచి తెచ్చినవి, రంగులు వేరు, తలకట్లు వేరు. పైన రాతి కమాను కాదు, చెక్క దూలాలు. బయట మాత్రం ఉత్త ఇటుక గోడ, ఏ సొగసూ లేదు. సొగసంతా లోపలే, ఎందుకంటే జనం ఉండేది లోపల. శాంతా సబీనా ఇప్పటికీ అలాగే ఉంది, పాత కట్టడం నుంచి తెచ్చిన 24 స్తంభాలతో. రోము వెళ్లేవాళ్లు ముందు దాన్ని చూడండి అని నేను అందరికీ చెబుతాను.

ఇలా తమ ఊళ్లో ఉన్న కట్టడాల తీరునే తీసుకుని చర్చి కట్టుకోవడం మన దగ్గర కూడా జరిగింది. డోర్నకల్ చర్చి చూశారా? బిషప్ అజరయ్య గారు కట్టించింది, 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలో ఉన్నట్టు స్తంభాలు. ఇదేమి చర్చి అని అడిగినవాళ్లున్నారు. నాకైతే దూరా ఇంటికి దగ్గరి చుట్టం అదే అనిపిస్తుంది.

సరే, మన కాపరి ఏమయ్యాడు? 359లో రోము నగరాధికారి జూనియస్ బాసస్ చనిపోయాడు, 42 ఏళ్ల వయసులో, బాప్తిస్మం తీసుకున్న కొత్తలోనే. ఆయన పాలరాతి పేటిక వాటికన్‌లో ఉంది. రెండు అంతస్తులు, అయిదేసి బొమ్మలు, మధ్యన చిన్న స్తంభాలు. కింది వరసలో యేసు గాడిద మీద వస్తున్నాడు. సరిగ్గా దాని పైన సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఇంకా గడ్డం లేని కుర్రాడిదే. కానీ పాదాల కింద చూడండి, ఒక ముసలాయన తల మీద గుడ్డను గాలికి పట్టుకున్నాడు. ఆయన ఆకాశ దేవుడు కైలస్. చక్రవర్తుల బొమ్మల్లో ఆయన్ను వేసేవాళ్లు. అంటే ఈ కుర్రాడు ఆకాశం మీద కూర్చున్నాడన్నమాట. యేసును రాజుగా చాటడం ఇక్కడ మొదలైంది. 400 ప్రాంతానికి రోములోనే శాంతా పుదెంజియానా చర్చి గూట్లో అది పూర్తయింది. గడ్డం వచ్చింది, ఒంటి నిండా బంగారు బట్ట, రత్నాల సింహాసనం. శిష్యులు రోము పాలక సభ పెద్దలు, అంటే సెనేటర్లు చుట్టుకునే టోగా అనే పెద్ద వస్త్రాలు కట్టుకుని అటూ ఇటూ కూర్చున్నారు. చేపలు పట్టే పేతురు టోగాలో! వెనక జెరూసలేము కట్టడాలు.

కొందరు దీన్ని పతనం అంటారు, పేదల దేవుణ్ణి రాజులు ఎత్తుకుపోయారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, నాకూ ఆ బాధ ఉంది. కానీ బొమ్మ వేసినవాళ్లని నేను తప్పు పట్టలేను. దూరాలో చిత్రకారుడు తన ఊళ్లో కనబడే బట్టలు తొడిగాడు. రోములో మేస్త్రి తనకు తెలిసిన అతి పెద్ద మనిషి బట్టలు తొడిగాడు. ఇద్దరూ ఉన్నవాటిలోంచే ఏరుకున్నారు.

చివరిగా రావెన్నా. ఇటలీలో ఉత్తరాన, బురద నేలల ఊరు. బయటి సైన్యాలు రావడం కష్టమని 402లో చక్రవర్తి హొనోరియస్ రాజధానిని అక్కడికి మార్చుకున్నాడు. ఆయన చెల్లెలు గల్లా ప్లాసీడియా. గోత్ అనే జర్మన్ తెగవాళ్ల చేతికి చిక్కింది, వాళ్ల రాజునే పెళ్లాడింది, తిరిగొచ్చి చిన్న కొడుకు పేరున సామ్రాజ్యాన్ని నడిపింది. మనం చూడబోయేది ఆమె పేరున ఉన్న చిన్న కట్టడం, 5వ శతాబ్దం మధ్యకు ముందే కట్టింది. సిలువ ఆకారంలో ఇటుక గది. బయట నుంచి చూస్తే మన ఊరి పంపు హౌసు అనుకుంటారు. ఆమె సమాధి మందిరం అంటారు గానీ ఆమెను అక్కడ పూడ్చలేదు, ఆమె 450లో రోములో పోయింది.

లోపలికి వెళ్లగానే ఏమీ కనబడదు. కిటికీలకు పలుచటి అలబాస్టర్ రాతి పలకలు, తేనె రంగు వెలుగు. నిలబడండి. కళ్లు అలవాటు పడనివ్వండి. అప్పుడు తల ఎత్తితే, నీలం. ముదురు నీలం కప్పు, అందులో బంగారు చుక్కలు, వందల చుక్కలు. దూరాలో తొట్టి మీద చూసిన ఆకాశమే ఇది. అక్కడ సున్నం మీద రంగు, ఇక్కడ గాజు. మొజాయిక్ అంటే గోరంత గాజు ముక్కలు తడి సున్నంలో ఒక్కొక్కటిగా గుచ్చడం. బంగారు ముక్క ఎలా చేస్తారంటే, రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు పెట్టి కాలుస్తారు. అన్నిటినీ చదునుగా గుచ్చరు, ఒక్కోదాన్ని కాస్త ఒక్కో వైపు ఒరగనిస్తారు. అందుకే మనం ఒక అడుగు వేస్తే గోడ అంతా కదులుతుంది.

కాపరి ఎదురుగా కనబడడు. వచ్చిన తలుపు మీదే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడాలి. ఇదిగో ఈ బొమ్మ, పెద్దది చేసి చూపిస్తాను. రాళ్ల మధ్య కూర్చున్నాడు. బంగారు అంగీ, మీద ఊదా రంగు వస్త్రం, అది చక్రవర్తుల రంగు. తల వెనక బంగారు వలయం. ఎడమ చేతిలో కాపరి కర్ర ఉండాలి కదా, అక్కడ పొడవాటి బంగారు సిలువ ఉంది. శిక్షగా ఉన్నది రాజదండం అయింది. గొర్రెలు ఆరు, అటు మూడు, ఇటు మూడు, అన్నీ ఆయన వైపే చూస్తున్నాయి. భుజాల మీద గొర్రె లేదు. ఈ బట్టలతో గొర్రెను మోయడం కుదరదు.

కానీ ఆయన కుడి చేయి చూడండి. పిల్లలూ, దగ్గరికి వచ్చి చూడండి. ఒంటికి అడ్డంగా వచ్చి, పక్కకు చాచి ఉంది. అంత బంగారం తొడుక్కుని కూడా, అటు తిరిగి, ఆ గొర్రె మూతి కింద చేయి పెట్టాడు.